తాలుకాయ ఏరే పిల్లకు మంచీ చెడూ ఏరడం రాదా?

పోయినవారం వచ్చిన ఉత్తరాల కట్టలో ఒకటి నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. దర్శి దగ్గర ఒక పల్లె నుంచి ఒక తల్లి రాసింది. పేరూ ఊరూ వేయొద్దంది. వేయను. రూళ్ళ కాగితానికి రెండు వైపులా రాసి, చోటు చాలక అంచుల్లో కూడా రాసింది. అందులో ముఖ్యమైన భాగం ఇది:

"అక్కయ్యగారూ! మాకు ఇద్దరు పిల్లలు. పెద్దది అమ్మాయి. పంతొమ్మిది నిండినయ్. బుద్ధి ఎదుగుదల తక్కువని చిన్నప్పుడే డాక్టర్లు చెప్పారు. నాలుగైదు మాటలు కలిపి చెప్పగలదు, అంతే. కానీ అంట్లు తోముతుంది, ఇల్లు ఊడుస్తుంది. కళ్ళంలో మిరపకాయలు ఆరబోస్తే తాలుకాయలన్నీ ఏరి వేరే పోస్తుంది, ఒక్క కాయ పొరపాటు పోదు. నెలనెలా ఆ మూడు రోజులూ మాత్రం నాకు నరకం. గుడ్డ తీసి ఎక్కడంటే అక్కడ పడేస్తుంది. కోతలప్పుడు నేను తెల్లారకముందే చేలోకి పోవాలి. ఇంట్లో ఒక్కతే ఉంటుంది. తెలిసినాయనే ఒకాయన చాక్లెట్ ఇస్తే ఆయన ఒళ్ళో కూర్చుందని పక్కింటామె చెప్పింది. నా గుండె ఆగినంత పనైంది. 'గర్భసంచి తీయించెయ్, పీడా పోద్ది' అంటోంది మా ఆడబిడ్డ. 'మా తమ్ముడికి ఇచ్చి కట్టబెడితే కుదురుకుంటుంది' అంటోంది మా అత్త. నేనేం చెయ్యాలి? ఇట్టాంటి పిల్లకి ఆ సంగతులు చెబితే లేనిపోనివి మనమే నేర్పినట్టు కాదా?"

చెల్లెమ్మా, జవాబు నీ ఉత్తరంలోనే ఉంది. తాలుకాయ ఏదో, మంచికాయ ఏదో నీ బిడ్డ ఏరగలదని నువ్వే రాశావు. ఆ పని ఆమెకు పుట్టుకతో వచ్చిందా? నువ్వు పక్కన కూర్చుని వందసార్లు చూపించావు. ఎర్రగా మెరిసేది ఇటు, తెల్లగా పాలిపోయింది అటు అని చేతిలో పెట్టి నేర్పావు. మిరపకాయ పట్టిన చేత్తో కళ్ళు నులుముకోకూడదని కూడా నేర్పే ఉంటావు. ఇన్ని నేర్చుకున్న పిల్ల తన ఒంటి సంగతి మాత్రం ఎందుకు నేర్చుకోలేదు? ఆమెకు రాక కాదు, మనం చెప్పలేక!

ఈ వారం ఆ చెప్పడం గురించే మాట్లాడుకుందాం. మీ ఇంట్లో ఇలాంటి బిడ్డ లేకపోయినా చదవండి. మీ వీధిలో ఉంటుంది, మీ బంధువుల్లో ఉంటుంది.

బుద్ధి ఆగినా వయసు ఆగదు

మా అమ్మమ్మగారి ఊళ్ళో ఒక అమ్మాయి ఉండేది. అందరూ 'వెర్రిది' అనేవాళ్ళు. చిన్నప్పుడు మాతో తొక్కుడుబిళ్ళ ఆడింది. పెద్దమనిషి అయినాక మాత్రం ఆమె వీధిలో కనబడలేదు. వెనక వసారాలో ఉంచారు. మా ఈడు పిల్లలకు చాపమీద కూర్చోబెట్టి చిమ్మిలి పెట్టారు, పేరంటం చేశారు, హారతిచ్చారు. ఆ పిల్లకు ఏమీ లేదు. తన ఒంటికి ఏమైందో కూడా ఆమెకు ఎవరూ చెప్పలేదనుకుంటాను. రక్తం చూసి ఎంత భయపడిందో పాపం!

అప్పట్లో బుద్ధిమాంద్యం అనేవారు. ఇప్పుడు మేధో వైకల్యం అంటున్నారు. పేరు ఏదైనా ఒక సంగతి గుర్తుంచుకోండి. లెక్కలు రాకపోవచ్చు, అక్షరాలు రాకపోవచ్చు, మాట ఆలస్యం కావచ్చు. శరీరం మాత్రం దాదాపు అందరు పిల్లల్లాగే, ఆ వయసుకే ఎదుగుతుంది. ఆడపిల్లకు నెలసరి వస్తుంది. మగపిల్లాడికి మీసం వస్తుంది, రాత్రిళ్ళు బట్టలు తడుస్తాయి. ఒంటితోపాటు మనసులో ఆశలూ వస్తాయి. ఎవరైనా తనను ఇష్టపడాలనీ, పక్కన కూర్చోవాలనీ, అందరిలా తనకూ ఒక జత ఉండాలనీ అనిపిస్తుంది. 'దానికేం తెలుసు, పసిపిల్లతో సమానం' అని మనం అనుకుంటాం. పంతొమ్మిదేళ్ళ అమ్మాయి పసిపిల్ల కాదు. నిదానంగా నేర్చుకునే పంతొమ్మిదేళ్ళ అమ్మాయి.

చెబితే చెడిపోతారా?

మన తెలుగు వారపత్రికల్లో విజయవాడ డాక్టర్ సమరంగారు ఏళ్ళ తరబడి ఈ విషయాల మీద ప్రశ్నలకు జవాబులు రాశారు. మనలో చాలామంది ఆ పేజీని వంటింట్లో తలుపు వారగా వేసుకుని చదివినవాళ్ళమే! చదివి చెడిపోయామా? లేదు కదా. ఉన్న భయాలు పోయాయి. మామూలు పిల్లలకు పుస్తకమో, స్నేహితురాలో, సినిమానో ఏదో ఒకటి చెబుతుంది. మన ఈ పిల్లలకు ఆ దారులేవీ లేవు. చదవలేరు, చెప్పే స్నేహితులుండరు. ఇంట్లో చెప్పకపోతే ఇంకెక్కడా చెప్పేవాళ్ళుండరు. అప్పుడు చెప్పేది ఎవరో తెలుసా? చాక్లెట్ ఇచ్చి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నవాడు!

చెప్పని ఇంట్లోనే ప్రమాదం ఎక్కువ. తన ఒంటిమీద ఎవరు చెయ్యివేయవచ్చో, ఎవరు వేయకూడదో తెలియని పిల్ల, ఏ భాగాన్ని ఏమంటారో తెలియని పిల్ల, జరిగినదాన్ని మనకు చెప్పలేదు. అది తెలిసినవాడు ధైర్యంగా వస్తాడు.

బహిష్టు సంగతి: మెట్టు మెట్టుగా

సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో కేంద్ర ప్రభుత్వం ఒక జాతీయ సంస్థను పెట్టింది. నిమ్హ్ అనేవారు, ఇప్పుడు నీపిడ్ అంటున్నారు. ఇలాంటి పిల్లలకు ఎలా నేర్పాలో టీచర్లకూ తల్లులకూ చెప్పేది వాళ్ళే. ఇలాంటి చోట్ల వాడే పద్ధతి వినడానికి చాలా తేలిక. ఏ పనినైనా చిన్నచిన్న మెట్లుగా విడగొట్టడం, ఒక మెట్టు వచ్చాకే రెండోది నేర్పడం, వచ్చిన ప్రతిసారీ మెచ్చుకోవడం. అన్నం కలపడం అలాగే నేర్పుతారు, జడ వేసుకోవడం అలాగే నేర్పుతారు. నెలసరి శుభ్రం కూడా అలాగే నేర్పాలి.

నెలసరి రాకముందే మొదలుపెడితే మరీ మంచిది. పిల్లకు పదేళ్ళు దాటగానే మీ ప్యాకెట్ ఆమెకు చూపించండి. 'అమ్మకు వస్తుంది, అక్కకు వస్తుంది, నీకూ వస్తుంది. దెబ్బ కాదు, జబ్బు కాదు' అని పదేపదే చెప్పండి. వచ్చిన తరవాత అయితే ఇలా చేసి చూడండి.

ముందు ఒక ప్యాడ్ మీద కుంకుమ నీళ్ళు పోసి, తడిసింది ఎలా ఉంటుందో, పొడిది ఎలా ఉంటుందో రెండూ పక్కపక్కన పెట్టి చూపండి. తాలుకాయ ఏరే పిల్లకు ఈ తేడా పట్టుకోవడం ఎంతసేపు? లోదుస్తులో ప్యాడ్ పెట్టే చోట రంగు దారంతో నాలుగు కుట్లు వేయండి. ఆ కుట్ల మధ్య పెట్టడం ఆమె పని. తరవాత బాత్‌రూమ్‌లో తలుపు మూసుకోవడం, మార్చుకోవడం, పాతదాన్ని కాగితంలో చుట్టడం, ఫలానా డబ్బాలోనే వేయడం, సబ్బుతో చేతులు కడుక్కోవడం. ఈ అయిదు పనుల బొమ్మలు గీసి గోడకు అంటించండి. బొమ్మ వేయడం రాకపోతే మీ చిన్నబ్బాయి చేత వేయించండి. గుడ్డ వాడే ఇళ్ళలో అయితే ఉతకడం, ఎండలో ఆరేయడం కూడా నేర్పాలి. చాటుగా నీడలో ఆరేస్తే జబ్బులు వస్తాయి.

మార్చుకోమని గంట చూసి చెప్పడం కంటే ఆమెకు తెలిసిన పనులతో ముడిపెట్టండి. పళ్ళు తోముకున్నాక ఒకసారి, అన్నం తిన్నాక ఒకసారి, టీ తాగాక ఒకసారి, పడుకునేముందు ఒకసారి. వంటింటి క్యాలెండరు మీద వచ్చినరోజు ఆమె చేతనే ఎర్ర చుక్క పెట్టించండి. మూడు నెలలు పెడితే ఈసారి ఎప్పుడు వస్తుందో మీకూ ఒక అంచనా ఉంటుంది, ఏ నెలైనా తప్పితే వెంటనే తెలుస్తుంది. తప్పితే ఆలస్యం చేయక డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి.

వారంలో వస్తుందనుకోవద్దు. ఆరు నెలలు పట్టవచ్చు, ఏడాదీ పట్టవచ్చు. కసురుకుంటే మాత్రం ఎన్నేళ్ళకూ రాదు.

గర్భసంచి తీయిస్తే పీడా పోతుందా?

చెల్లెమ్మా, మీ ఆడబిడ్డ మాట దగ్గరకు వద్దాం. మన రాష్ట్రంలో గర్భసంచి ఆపరేషన్ అంటే మరీ తేలికైపోయింది. దేశంలో ఈ ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్ళు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందున్నదని 2015-16, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు రెండూ చెప్పాయి. కడుపునొప్పి అని వెళ్ళినా, తెల్లబట్ట అని వెళ్ళినా అదే సలహా ఇచ్చేవాళ్ళున్నారు. మన పిల్లల విషయంలోనూ ఆ మాటే వస్తోంది.

ఇది మనదగ్గర మాత్రమే కాదు. 1994లో మహారాష్ట్రలో పుణె దగ్గర శిరూర్ ప్రభుత్వ వసతిగృహంలోని ఇలాంటి ఆడపిల్లలకు శుభ్రం పేరుతో గర్భసంచులు తీసేశారు. మహిళా సంఘాలు గొడవ చేస్తే గానీ ఆగలేదు. దేశమంతా మాట్లాడుకుంది. ఆ గొడవలో అడిగిన ప్రశ్న ఇప్పటికీ నిలిచే ఉంది: పిల్లకు శుభ్రం నేర్పడం కష్టమని ఆమె అవయవాన్ని తీసేయవచ్చా?

కాస్త ఆలోచించు తల్లీ. ఆ ఆపరేషన్‌తో రక్తస్రావం ఆగుతుంది, నిజమే. కడుపు రాదు, అదీ నిజమే. కానీ చాక్లెట్ ఇచ్చేవాడు ఆగుతాడా? ఇంకా ధైర్యంగా వస్తాడు! బయటపడే గుర్తు లేదు కదా అని. నీ బిడ్డకు జరిగే అన్యాయం నీకు కూడా తెలియకుండా పోతుంది. ఆపరేషన్ బిడ్డను కాపాడదు, చేసినవాడి తప్పును దాచిపెడుతుంది. పైగా చిన్నవయసులో గర్భసంచి తీస్తే ముట్లుడిగే దశ ముందుగా రావచ్చు. అండాశయాలు కూడా తీసేస్తే వెంటనే వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి. ఆ నొప్పులు చెప్పుకోవడం కూడా రాని పిల్లకు ఎంత కష్టం!

చట్టం కూడా ఒప్పుకోదు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. పిల్లలు పుట్టకుండా చేసే ఏ వైద్యమైనా ఆ మనిషికి అర్థమయ్యేలా చెప్పి, ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే చేయాలని అందులో ఉంది. 2009లో చండీగఢ్‌లోని ఒక ప్రభుత్వ వసతిగృహంలో ఇలాంటి అమ్మాయి మీద అత్యాచారం జరిగి ఆమె గర్భవతి అయింది. గర్భం తీసేయమని హైకోర్టు చెబితే, సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. బుద్ధి ఎదుగుదల తక్కువ కావడం వేరు, మతి చలించడం వేరు, ఆ అమ్మాయి బిడ్డను కోరుకుంటోంది, ఆమె ఒప్పుకోకుండా తీసే వీల్లేదని చెప్పింది. అంత పెద్ద న్యాయస్థానం ఆ అమ్మాయిని ఏమనుకుంటున్నావని అడిగింది. మన ఇళ్ళలో మనం అడుగుతున్నామా?

రక్తస్రావం మరీ ఎక్కువగా ఉంటే, నొప్పికి పిల్ల అల్లాడిపోతుంటే ఆడవాళ్ళ డాక్టరును కలవండి. తగ్గించే మందులున్నాయి, కత్తి అక్కరలేని పద్ధతులున్నాయి. తొందరపడి ఆపరేషన్ అంటే ఇంకో డాక్టరును కూడా అడగండి.

ముంగిట్లో అయిదు గీతలు

ఇప్పుడు అసలు పాఠం. ఎవరితో ఎలా ఉండాలి? అమెరికాలో 1980లలో ఈ పిల్లల కోసం వలయాల పద్ధతి అని ఒకటి తయారుచేశారు. దానికి మనకు ఖరీదైన సామానేమీ అక్కరలేదు. ముగ్గుపిండి ఉంటే చాలు!

ముంగిట్లో నీ బిడ్డను నిలబెట్టి ఆమె చుట్టూ చిన్న గుండ్రం గీయి. 'ఇది నీది. నీ ఒళ్ళు నీది' అని చెప్పు. దాని చుట్టూ రెండో గుండ్రం: అమ్మ, నాన్న, నాయనమ్మ, తమ్ముడు. వీళ్ళు దగ్గరకు తీసుకోవచ్చు, అదీ ఆమెకు ఇష్టమైతేనే. మూడో గుండ్రం: పిన్ని, బాబాయి, స్నేహితురాలు. చెయ్యి పట్టుకోవచ్చు, పక్కన కూర్చోవచ్చు. నాలుగోది: పక్కింటివాళ్ళు, టీచరు, కొట్టాయన. నవ్వి నమస్కారం పెట్టడం వరకే. అయిదోది: తెలియనివాళ్ళు. మాట కూడా అక్కరలేదు. ఒక్కొక్కరి ఫోటోనో, పేరు చెప్పి ఒక మిరపకాయనో, పత్తికాయనో ఆ గుండ్రంలో పెట్టించు. పొద్దున్నే ముగ్గు వేసేటప్పుడు పది నిమిషాలు ఈ ఆట ఆడండి. చాక్లెట్ ఇచ్చినా, డబ్బులిచ్చినా ఎవరూ లోపలి గీత దాటకూడదు. ఈ ఒక్క ముక్క వందసార్లు చెప్పాలి.

ఇంకో మాట, కొంచెం చేదుగా ఉంటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మన దేశంలో నమోదయ్యే అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు ఆమెకు తెలిసినవాళ్ళేనని పోలీసు లెక్కలు ఏటేటా చెబుతున్నాయి. కాబట్టి రెండో గుండ్రంలో ఉన్నవాళ్ళకు కూడా ఒక నియమం ఉంది. బట్టల కింద దాగే చోట్లను ఎవరూ చూడకూడదు, ముట్టకూడదు, తమవి చూపించకూడదు. స్నానం చేయించే అమ్మ, పరీక్షచేసే డాక్టరు మాత్రమే ముట్టవచ్చు. డాక్టరు దగ్గర కూడా అమ్మ పక్కన ఉండాలి. ఆ భాగాలకు పేర్లు చెప్పండి. సిగ్గుపడి 'అదీ ఇదీ' అంటే రేపు ఆమె పోలీసుకూ డాక్టరుకూ చెప్పలేదు. ముక్కు, చెవి అన్నంత మామూలుగా చెప్పండి.

అన్నిటికంటే ముందు 'వద్దు' అనడం నేర్పండి. మనం ఈ పిల్లలకు చెప్పిందల్లా వినమని నేర్పుతాం. 'మావయ్యకు ముద్దుపెట్టు', 'తాతయ్య ఒళ్ళో కూర్చో' అని బలవంతం చేస్తాం. చెప్పినమాట వినే పిల్ల అని మెచ్చుకుంటాం. ఆ వినయాన్నే దుర్మార్గుడు వాడుకుంటాడు. ఇంట్లో ఆమె వద్దన్నప్పుడు మీరు ఆగండి. రెండో ముద్ద వద్దంటే ఆగండి, ఈ రంగు గౌను వద్దంటే ఆగండి. తన 'వద్దు'కు విలువ ఉందని ఇంట్లో తెలిస్తేనే బయట అనగలదు. మాట రాని పిల్లకు చెయ్యి అడ్డం పెట్టడం, గట్టిగా అరవడం, పరుగెత్తి పక్కింటామె దగ్గరకు పోవడం నేర్పండి. మీరే ఆడి చూపించండి.

మగపిల్లల తల్లులకు

ఆడపిల్లల భయం ఒకటైతే మగపిల్లల తల్లుల బాధ ఇంకొకటి. 'అందరి ముందూ లాగులో చెయ్యి పెడతాడు, కొట్టినా మానడు' అని రాసే తల్లులు చాలామంది. కొట్టకండమ్మా. హస్తప్రయోగం జబ్బు కాదు, పాపం కాదు, దానివల్ల నరాలు చచ్చుబడవు, బుద్ధి తగ్గదు. ఆ వయసు మగపిల్లలందరిలోనూ ఉన్నదే. వాళ్ళు గదిలో చాటుగా ఉండాలని తెలుసుకుంటారు, వీడికి ఎవరూ చెప్పలేదు. 'చేయొద్దు' అనకండి, 'ఇక్కడ కాదు' అనండి. చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళి తలుపు మూయండి. చేతులకు వేరే పని ఇవ్వండి. ఎండలో నీళ్ళు మోయించండి, పత్తికాయలు ఒలిపించండి, ఆటలాడించండి. ఈ మాట నాన్నో బాబాయో చెబితే ఇంకా బాగుంటుంది.

అలాగే ఆడపిల్లల జడ లాగకూడదు, వెంటబడి నవ్వకూడదు, ఒప్పుకోకుండా ఎవరినీ ముట్టకూడదని కూడా వీడికి నేర్పాలి. 'పాపం, వాడికేం తెలియదు' అని ఊరు ఒకసారి ఊరుకుంటుంది, రెండోసారి కొడుతుంది. మగపిల్లలమీద కూడా అఘాయిత్యాలు జరుగుతాయి. వాడికీ ఆ అయిదు గుండ్రాలు గీయండి.

పెళ్ళి చేస్తే కుదురుకుంటుందా?

మీ అత్తగారి మాట చాలా ఇళ్ళలో వినేదే. పెళ్ళి వైద్యం కాదమ్మా. పెళ్ళితో బుద్ధి పెరగదు. నిజం దాచి చేసిన పెళ్ళి నిలవదు, ఆ పిల్ల బతుకు రెండుసార్లు చెడుతుంది. పెళ్ళంటే ఏమిటో తెలియని స్థితిలో, ఒప్పుకోలు ఇవ్వలేని మనిషికి చేసిన పెళ్ళిని రద్దుచేయమని కోర్టుకు వెళ్ళవచ్చని 1955 నాటి హిందూ వివాహ చట్టంలోనే ఉంది. మేనరికమంటే ఇంకో చిక్కు. దగ్గరి రక్తసంబంధంలో పుట్టే పిల్లలకు కొన్నిరకాల పుట్టుక లోపాలు వచ్చే అవకాశం ఎక్కువ.

అలాగని ఈ పిల్లలకు ప్రేమ, పెళ్ళి ఎన్నటికీ కూడదని కాదు. తక్కువ స్థాయి లోపం ఉన్నవాళ్ళలో పెళ్ళిచేసుకుని, కాస్త అండ ఉంటే చక్కగా కాపురం చేసుకునేవాళ్ళున్నారు. మన దేశం 2007లో ఒప్పుకున్న ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో కూడా వికలాంగులకు పెళ్ళి, సంసారం, పిల్లలు అనే హక్కులున్నాయని ఉంది. మనం చూడవలసింది మూడు సంగతులు. పెళ్ళంటే ఏమిటో ఆమెకు తెలుసా? ఆమెకు ఆ మనిషి ఇష్టమేనా? అవతలివాళ్ళకు నిజమంతా చెప్పామా? మూడింటికీ అవునంటే ఆలోచించండి. ఒక్కదానికి కాదన్నా ఆగండి.

పెళ్ళిదాకా వెళ్ళనక్కరలేదు, స్నేహం చాలు. సినిమా పాట విని ఆ అమ్మాయి సిగ్గుపడితే వెక్కిరించకండి. పెళ్ళికి వెళ్ళేటప్పుడు ఆమెకూ పూలు పెట్టి తీసుకెళ్ళండి. తోటి పిల్లలున్న చోటికి పంపండి. చాలా మండలాల్లో బడి వయసు పిల్లలకు భవిత కేంద్రాలున్నాయి. అక్కడి టీచర్లను కలిస్తే ఇలాంటి ఇంకో నలుగురు తల్లులు మీకు తెలుస్తారు. పిల్లలకు స్నేహితులు, మీకు తోడు. ఒంటరి పిల్లే చాక్లెట్‌కు లొంగుతుంది, నలుగురిలో తిరిగే పిల్ల లొంగదు.

జరగరానిది జరిగితే

దేవుడి దయవల్ల జరగకూడదు. అయినా తెలిసి ఉండాలి. పిల్ల ఒక్కసారిగా పక్క తడపడం, ఒక మనిషిని చూడగానే దాక్కోవడం, నడవలేకపోవడం, చేతిలో కొత్త డబ్బులు కనబడడం వంటివి చూస్తే పక్కన కూర్చుని మెల్లగా అడగండి. చెబితే నమ్మండి. 'నువ్వెందుకెళ్ళావ్' అనొద్దు. బట్టలు ఉతకొద్దు, స్నానం చేయించొద్దు, ముందు ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

పద్ధెనిమిది నిండని పిల్ల అయితే 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. పిల్లకున్న వైకల్యాన్ని ఆసరా చేసుకుంటే అది ఇంకా పెద్ద నేరం. నిండిన అమ్మాయి అయినా భయపడనక్కరలేదు. వికలాంగురాలైన బాధితురాలి మాటను ఆమె ఇంటిదగ్గరో, ఆమెకు వీలైన చోటో, ప్రత్యేక టీచరును పక్కన పెట్టుకుని, వీడియో తీస్తూ పోలీసులు తీసుకోవాలి. 2013లో వచ్చిన ఈ పద్ధతి 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ ఉంది. 'ఈమె మాట చెల్లదు' అని ఎవరన్నా నమ్మకండి. పిల్లలకు 1098, ఆడవాళ్ళకు 181, తొందరైతే 112. ఈ మూడు నంబర్లూ తలుపు మీద రాసిపెట్టుకోండి.

పద్ధెనిమిది దాటిన ఇలాంటి పిల్లలకు చట్టప్రకారం సంరక్షకులను నియమించే వీలు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఉంది. కలెక్టరు ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. సంరక్షకుడంటే యజమాని కాదు. చేతిలో కాగితం ఉందని పిల్ల ఒంటిమీద ఇష్టమొచ్చినట్టు నిర్ణయాలు తీసుకోకూడదు.

కత్తిరించి దాచుకోండి

- పదేళ్ళు దాటగానే ఒంటి మార్పుల గురించి చెప్పడం మొదలుపెట్టండి.
- చిన్న మాటలు, బొమ్మలు, చేసి చూపడం. రోజుకు పది నిమిషాలు చాలు.
- శరీర భాగాలకు అసలు పేర్లే నేర్పండి.
- స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి తలుపు మూయడం అలవాటు చేయండి. తలుపు కొట్టి లోపలికి రావడం ఇంట్లో అందరికీ అలవాటు కావాలి.
- 'వద్దు' అనే హక్కు ఇంట్లోనే ఇవ్వండి.
- 'ఎవరికీ చెప్పకు' అని ఎవరన్నా అంటే అదే అమ్మకు చెప్పవలసిన మాట అని నేర్పండి.
- క్యాలెండరు మీద ఎర్ర చుక్క మరవొద్దు.
- తప్పుచేస్తే కొట్టొద్దు, మళ్ళీ చూపించండి.

ఇక నీకు, చెల్లెమ్మా. కోతలు ఆపుకోలేవు, కూలి పోతే పూట గడవదు, నాకు తెలుసు. కానీ పిల్లను ఒంటరిగా వదిలి వెళ్ళకు. తీసుకెళ్ళగలిగితే చేలోకే తీసుకెళ్ళు, నీ పక్క సాలులోనే ఉంటుంది. లేదంటే నీకు ఆ సంగతి చెప్పిన పక్కింటామె ఉంది చూశావా, ఆమె నీకు శత్రువు కాదు. ఆమె దగ్గర కూర్చోబెట్టి వెళ్ళు. ఆ చాక్లెట్ ఆయనకు మీ ఆయన చేత ముఖంమీదే చెప్పించు: 'మా అమ్మాయికి ఏమీ ఇవ్వొద్దు, మా గడప తొక్కొద్దు' అని. మొహమాటపడితే నష్టం మనకే.

కానీ దానికంటే ముందు ఒక పని చెయ్యి. ఇవాళ సాయంత్రం ఒళ్ళో కూర్చున్న సంగతి నీ బిడ్డను అడుగు. కోపంగా కాదు, తల దువ్వుతూ అడుగు. నాలుగైదు మాటల్లోనే చెబుతుంది. ఆ నాలుగు మాటలూ పూర్తయ్యేదాకా విను. రేపు పొద్దున్నే ముగ్గుపిండి తీసుకో.

నువ్వు మళ్ళీ ఉత్తరం రాయాలి. ఆ గుండ్రాల్లో నీ బిడ్డ ఎవరెవరిని ఎక్కడ పెట్టిందో రాయాలి. ఎదురుచూస్తుంటాను.